సంచారి బొట్టు

వానాకాలం సాయంత్రం చూరు కింద నిండిన గాబు పక్కన కూర్చున్నవాళ్లు ఈ దృశ్యం చూసే ఉంటారు. చూరు నుంచి చుక్క జారి గాబులో పడుతుంది. పడ్డచోట నీళ్లు చిట్లి నాలుగైదు చిన్న బొట్లు ఎగురుతాయి. వాటిలో ఒకటో రెండో తిరిగి నీటిమీద పడి, వెంటనే కలిసిపోకుండా, ముత్యాల్లా జరజరా దొర్లుతాయి. అర సెకను, మహా అయితే ఒక సెకను. తర్వాత మాయం. తామరాకు మీద నీటిబొట్టు నిలిచిందంటే ఆకుకి మైనం పూత ఉందని చెప్పుకోవచ్చు. గాబులో ఆకూ లేదు, పూతా లేదు. నీరు నీటినే కాసేపు దగ్గరికి రానివ్వడం లేదు. చిన్నప్పటినుంచీ ఆ ముత్యాల్ని చూస్తూనే ఉన్నాను. వాటి ఆయుష్షు పెంచితే ఏమవుతుందో మాత్రం ఎన్నడూ ఊహించలేదు.

పారిస్‌లో కొందరు పెంచి చూశారు. ఆ బొట్టు లేచి నడవడం మొదలుపెట్టింది. ఎనిమిదేళ్ల తర్వాత అమెరికాలో ముగ్గురు గణితజ్ఞులు ఆ నడకని ఒకే ఒక్క సమీకరణంలో ఇమిడ్చారు. నేనిక్కడ చెప్పదలచుకున్నది ఆ సమీకరణం అందం. పద్యాన్ని ఎలా పదం పదం విడదీసి, అన్వయించి, మళ్లీ కలిపి చదువుకుంటామో అలా దీన్నీ చదవాలి. అలా చదివితే నిలిచే రచన ఇది.

ముందు కథావస్తువు. బొట్టు కింది ద్రవాన్ని తాకాలంటే మధ్యలో ఇరుక్కున్న గాలి పక్కలకి జారిపోవాలి. పొర పలచనయ్యేకొద్దీ గాలి జారడం కష్టమవుతుంది. వెంట్రుక మందంలో పదో వంతుకి తగ్గినా ఆ గాలి ఇంకా బొట్టుని మోస్తూనే ఉంటుంది. నీటిమీద తేలే ఈ బొట్ల గురించి ఆస్‌బర్న్ రేనాల్డ్స్ 1881లోనే రాశాడు. గాబులో ముత్యానికి దక్కిన ఆ కొద్దిపాటి ఆయుష్షు ఈ గాలి పెట్టిన భిక్షే. ఇప్పుడు గాలి పూర్తిగా జారిపోయేలోగా అడుగునున్న ద్రవమే పైకి లేచి బొట్టుని ఎగరేసిందనుకోండి. కిందికి దిగేటప్పుడు బొట్టు కింద కొత్త గాలి చేరుతుంది. అది పలచబడేలోగా మళ్లీ ఎగరేత. 2005లో ఈవ్ కుడేర్, ఎమాన్యుయెల్ ఫోర్, వాళ్ల సహచరులు సిలికోన్ నూనె పోసిన తొట్టిని నిలువుగా కంపింపజేసి, మిల్లీమీటరుకి అటూ ఇటూ ఉండే అదే నూనె బొట్టుని దానిమీద ఎంతసేపు కావాలంటే అంతసేపు దూకించారు.

అక్కడితో ఆగితే అదొక ముచ్చటైన ఆట. కంపనాన్ని ఇంకొంచెం పెంచేసరికి ఆట కావ్యమయింది. ఉన్నచోటే దూకుతున్న బొట్టు, కుదుపు ఒక మోతాదుకి చేరగానే, పక్కకి ఒరిగి నడక అందుకుంది. ఎవరూ తొయ్యలేదు. తొట్టి కదలిక నిలువుగానే ఉంది, అడ్డంగా లాగే బలం ఎక్కడా కనిపించదు. అయినా బొట్టు తిన్నగా, ఒకే వేగంతో, తొట్టి ఈ కొసనుంచి ఆ కొసకి సాగిపోయింది.

ఈ నడక రహస్యానికి పునాది 1831లో మైకేల్ ఫారడే గమనించిన ఒక సంగతి. నిలువుగా కుదిపే ద్రవం, కుదుపు ఒక హద్దు దాటగానే, తనంతట తానే పైతలమంతా అలలు లేపుకుంటుంది. ఆ అలలు కుదుపు లయలో సరిగ్గా సగం లయతో ఊగుతాయి. ఆ హద్దుని ఫారడే గడప అందాం. బొట్టు నడిచేది ఈ గడపకి ఇవతల. ఇక్కడ ద్రవం తనంతట తాను అల లేపదు. కానీ ఎవరైనా కదిపితే ఆ కదలిక తొందరగా చావదు. వీణ తీగ సరిగ్గా బిగించి ఉంచితే చిన్న మీటుకే చాలాసేపు మోగినట్టు, గడపకి దగ్గరగా ఉన్న తొట్టి ప్రతి దెబ్బనీ కొంతసేపు దాచుకుంటుంది.

లయ లెక్క చూడండి. మాసచూసెట్స్‌లోని ఎంఐటీలో జరిగిన ప్రయోగాల్లో తొట్టి సెకనుకి 80 సార్లు కంపిస్తుంది. ఫారడే అలలు 40 సార్లు ఊగుతాయి. నడిచే బొట్టు కూడా సెకనుకి 40 సార్లే దూకుతుంది. సంగీతం తెలిసినవాళ్లకి ఇది ఇట్టే పట్టుబడుతుంది. తొట్టి రెండో కాలంలో ఉంటే బొట్టు మొదటి కాలంలో ఉంది. బొట్టు దెబ్బ వేసే లయా, ద్రవం ఊగడానికి ఇష్టపడే లయా ఒకటైపోయాయి. ఈ శ్రుతి కలిసిన మీదటే నడక.

ఒక్క దెబ్బని దగ్గరనుంచి చూద్దాం. బొట్టు దిగుతుంది. అడుగు కొంచెం చదునవుతుంది. నూనె తలం దాని కింద పళ్లెంలా లోపలికి కుంగి, తలతన్యత వల్ల సాగదీసిన బట్టలా వెనక్కి లాగి, బొట్టుని పైకి విసురుతుంది. బొట్టు గాల్లో ఉన్న ఆ కాసేపట్లో కింద పల్చని వలయం ఒకటి బయటికి పరిగెడుతుంది. దాని వెనక, దెబ్బ తగిలినచోటు చుట్టూ, ఏకకేంద్ర వృత్తాలుగా నిలకడ అలలు లేచి ఉంటాయి. బొట్టు మళ్లీ దిగే వేళకి తన కిందటి దెబ్బ తగిలినచోట ఒక చిన్న మిట్ట లేచి ఉంటుంది. మిట్ట నెత్తిమీద సరిగ్గా పడితే ఉన్నచోటే మళ్లీ ఎగురుతుంది. వెంట్రుకవాసి పక్కకి పడిందా, వాలుమీద పడినట్టే. వాలు దాన్ని ముందుకి నెడుతుంది. తర్వాతి దెబ్బ ఇంకొంచెం ముందు. అక్కడ ఇంకో మిట్ట. తను లేపిన అలల వాలు మీద తనే జారుతూ పోవడం, ఇదీ నడకంటే.

వేగం సెకనుకి సుమారు ఒక సెంటీమీటరు. అంటే ఒక్కో దూకుకి బొట్టు ముందుకి జరిగేది మిల్లీమీటరులో పావు వంతు. ఈ అలల పొడవు, అంటే శిఖరానికీ శిఖరానికీ ఎడం, దాదాపు 4.75 మిల్లీమీటర్లు. ఒక అల పొడవు దాటాలంటే బొట్టు 20 దాకా అడుగులు వెయ్యాలి. ఈ చిన్న లెక్కని గుర్తుంచుకోండి. సమీకరణంలోని అతి సొగసైన మలుపు దీనిమీదే నిలబడింది.

బొట్టు నడకని గణితంలోకి తెచ్చే పని పారిస్ బృందంతోనే మొదలయింది. సుజీ ప్రోత్యేర్, అరెజ్కీ బుదావుద్, ఆంతోనాన్ ఎద్దీ తదితరులు కుడేర్‌తో, ఫోర్‌తో కలిసి తొలి నమూనాలు కట్టారు. 2013లో ఎంఐటీలో యాన్ మొలాచెక్, జాన్ బుష్ ఒక్కో దెబ్బలోనూ ద్రవతలం ఎంత బిగువైన స్ప్రింగులా పనిచేస్తుందో, అందులో ఎంత శక్తి పోతుందో, ఎంత అల లేస్తుందో లెక్కగట్టారు. అదే ఏడాది ఆనంద్ ఓజా, రొడాల్ఫో రోజాలెస్, బుష్ కలిసి ఆ వివరాలన్నిటినీ ఒక పథ సమీకరణంగా కూర్చారు. మాటల్లో దాన్ని ఇలా రాసుకోవచ్చు.

ద్రవ్యరాశి × త్వరణం + నిరోధం × వేగం = − బరువు × అల వాలు

అల = గడిచిన దెబ్బలన్నీ లేపిన వలయాల మొత్తం, ఒక్కోటీ దాని వయసుకొద్దీ మాసిపోగా మిగిలినంత

మొదటి పంక్తి ఎడమవైపు న్యూటన్ కాలంనుంచీ మనకి తెలిసిన ఇల్లే. బరువున్న వస్తువు వేగం మార్చుకోవడానికి మొరాయిస్తుంది, అది మొదటి పదం. కదిలేదాన్ని పరిసరాలు వెనక్కి లాగుతాయి, అది రెండో పదం. ఆ రెండో పదంలో రెండు వేరు వేరు నష్టాలు ఒదిగి ఉన్నాయి. గాల్లో ఎగురుతున్నప్పుడు గాలి లాగేది ఒకటి, నూనెని తాకిన ప్రతిసారీ బొట్టు తన అడ్డపు వేగంలో కొంత నూనెకి సమర్పించుకునేది ఇంకొకటి. కుడివైపు వాలుమీద ఉన్న వస్తువు కిందికి జారుతుందన్న పల్లె పిల్లాడికీ తెలిసిన సత్యం. వేమన పద్యంలోలా ఎక్కడా కష్టమైన మాట లేదు. ఇంతవరకు ఇది పాఠ్యపుస్తకంలోని సమీకరణమే.

రెండో పంక్తికి వచ్చేసరికి శ్వాస ఆగుతుంది. బొట్టు ఏ వాలుమీద పడబోతోందో తెలియాలంటే అది ఇంతకుముందు ఎక్కడెక్కడ పడిందో అన్నీ తెలియాలి. మామూలు గతిశాస్త్రంలో ఒక వస్తువు ఇప్పుడు ఎక్కడుందో, ఎంత వేగంతో పోతోందో చెబితే చాలు, రేపటి సంగతి తేలిపోతుంది. విసిరిన రాయికి నిన్నటితో పనిలేదు. ఈ బొట్టుకి ఉంది. దాని దారి అంతా నూనె తలంమీద అలలుగా రాసి ఉంది, ఆ రాతని చదువుకుంటూనే అది ముందుకి పోతుంది. గణితంలో దీన్ని గతం మొత్తం మీద చేసే సమాకలనంగా రాశారు. పారిస్ బృందం దీనికి పెట్టిన పేరు పథస్మృతి.

నాట్యశాస్త్రం 33 సంచారి భావాల్ని లెక్కపెట్టింది. స్మృతి వాటిలో ఒకటి. స్థాయీభావాన్ని ఆశ్రయించి, పైకి తేలి, దాన్ని పోషించి, మళ్లీ మునిగిపోవడం సంచారుల పని. ఈ సమీకరణంలో ఒక్కో వలయమూ చేసేది అదే. దెబ్బతో పుడుతుంది, బొట్టు నడకని కొంతసేపు పోషిస్తుంది, మెల్లగా మాసిపోతుంది. దానిమీద ఇంకో వలయం లేస్తుంది. నిలకడగా మిగిలేది నడక ఒక్కటే. నడిచే ఈ బొట్టుని సంచారి అనడంలో రెండర్థాలూ సరిపోతాయి. అది తిరుగుతుంది, స్మృతితో తిరుగుతుంది.

వలయం ఆకారానికి కవులు ఏరుకున్న పదంలాంటి ఎంపిక జరిగింది. నిలకడ అలల వృత్తాన్ని వర్ణించడానికి బెసెల్ ప్రమేయం తీసుకున్నారు. 19వ శతాబ్దపు జర్మన్ ఖగోళ శాస్త్రజ్ఞుడు ఫ్రీడ్రిష్ బెసెల్ పేరుమీద వచ్చిన ప్రమేయమది. మద్దెల చర్మం కంపించే తీరులోనూ ఆ కుటుంబం ప్రమేయాలే ఉంటాయి. నడిమధ్య ఎత్తైన మిట్ట, చుట్టూ లోయ, ఆ చుట్టూ మళ్లీ మిట్ట, దూరం పెరిగేకొద్దీ తగ్గుతూ పోయే ఎత్తులు. గుండ్రంగా, ఒకే అలపొడవుతో, నడిమధ్య చెదరకుండా నిలిచే అల ఏదీ అంటే గణితం ఇచ్చే జవాబు ఇదొక్కటే. ఇంకో ఆకారం పెట్టడానికి చోటు లేదు. మంచి పద్యంలో యతి స్థానంలో అక్షరం కవి వెతికి తెచ్చినట్టుండదు, అక్కడే పుట్టినట్టుంటుంది. ఈ ప్రమేయమూ అంతే.

ఇప్పుడు ఇందాక గుర్తుంచుకోమన్న లెక్క. బొట్టు దెబ్బలు విడివిడిగా పడతాయి, కాబట్టి వలయాల్ని ఒక్కొక్కటిగా కూడాలి. కానీ ఒక్కో అడుగు అలపొడవులో 20వ వంతే కదా. అంత దగ్గర దగ్గరగా పడే చుక్కల్ని గీతగా చూడవచ్చు. కూడిక సమాకలనంగా కరిగిపోయింది. దీని ఫలితం ఆశ్చర్యకరం. దూకే బొట్టు గురించి రాసిన ఈ సమీకరణంలో దూకుడన్నదే కనిపించదు! బొట్టు ఎంత ఎత్తు ఎగిరింది, ఎప్పుడు దిగింది, ఎంతసేపు ఆనుకుని ఉంది, ఏదీ పైకి లేదు. సరిగ్గా బొట్టు తలాన్ని తాకే లయకి ఫ్లాష్ లైటు కలిపి వీడియో తీస్తే బొట్టు ఎగరడం మాయమై, అల నెత్తిన కూర్చుని జారిపోతున్నట్టు కనిపిస్తుంది. ప్రయోగశాలలో దీపం చేసిన పనిని కాగితంమీద సమాకలనం చేసింది.

ఇది వదిలెయ్యడం అనుకుంటే పొరపాటు. దూకుడంతా గుణకాల్లోకి దిగిపోయింది. నిరోధంలో అది ఉంది, ఒక్కో వలయం ఎత్తులో అది ఉంది, బొట్టు ఏ క్షణాన తలాన్ని తాకుతుందన్న సమయపు గుట్టూ ఆ ఎత్తులోనే దాగి ఉంది. ఆనందవర్ధనుడు ధ్వని అన్నది దీన్నే కదా. చెప్పిన మాటలో చెప్పనిది మోగాలి. ఏది పైకి చెప్పాలో, ఏది లోపల ఉంచాలో ఎరిగిన నిగ్రహం ఔచిత్యం. ద్రవం కదలికని పూర్తిగా రాయాలంటే నేవియర్ స్టోక్స్ సమీకరణాలు కావాలి, వాటిని మిల్లీమీటరు బొట్టు చుట్టూ గాలి పొరతో సహా కంప్యూటర్‌లో పరిష్కరించడమంటే కొండ తవ్వడమే. ఈ ముగ్గురూ నడకకి అవసరమైనదాన్ని మాత్రమే పైకి తెచ్చారు. మిగతాదంతా ఉంది, మౌనంగా ఉంది.

స్మృతి ఎంతకాలం నిలుస్తుందన్నది ఒక్క సంఖ్య చేతిలో ఉంది. దాని సూత్రంలో హారం దగ్గర ఒకటి నుంచి, కుదుపుకీ ఫారడే గడపకీ ఉన్న నిష్పత్తిని తీసేస్తారు. కుదుపు గడపలో 90 శాతం ఉంటే హారం 0.1. 99 శాతానికి తెస్తే 0.01. కుదుపు పదోవంతే పెరిగింది, జ్ఞాపకం పదింతలయింది. గడపకి చేరేకొద్దీ అది అనంతమవుతుంది. ప్రయోగం చేసేవాడి చేతిలో ఒక మర ఉంది, దాన్ని తిప్పితే బొట్టు ఎంత గతాన్ని మోస్తుందో మారుతుంది. జ్ఞాపకాన్ని ఇలా కొలిచి, హెచ్చించి, తగ్గించగల వస్తువు నాకు ఇంకోటి తెలియదు.

ఈ సమీకరణానికి తేలికైన పరిష్కారం ఏమిటి? కదలకుండా ఉండటం. ఎప్పుడూ ఒకేచోట దూకితే వలయాలన్నీ ఒకే కేంద్రం చుట్టూ పేరుకుంటాయి, నెత్తిమీద వాలు సున్నా, బలం సున్నా. లెక్క సరిపోయింది. అయితే జ్ఞాపకం ఒక పాటి పెరిగాక ఆ నిలకడ సూదిమొనమీద గింజలాంటిది. ఆవగింజంత ఒరిగినా వాలు తోస్తుంది, తోసిన కొద్దీ వాలు పెరుగుతుంది, నిరోధం ఆ తోపుని సరితూచే వేగం దాకా బొట్టు పరుగందుకుంటుంది. సమీకరణం ఆ వేగాన్ని చెబుతుంది, ప్రయోగంలో కొలిచిన వేగంతో చక్కగా కలుస్తుంది. ఇంకో సంగతీ అందులోంచే బయటపడింది. నడిచే బొట్టుని ముందుకో వెనక్కో కొంచెం తోస్తే మళ్లీ తన వేగానికే వస్తుంది. పక్కకి తోస్తే మాత్రం పాత దిక్కుకి తిరగదు, కొత్త దిక్కున అదే వేగంతో, అంతే తిన్నగా పోతుంది. ఎంత వేగమన్నది బొట్టు స్వభావం. ఎటువైపన్నది దానికి పట్టింపు లేదు. ఈ ఫలితం చదివినప్పుడు ఒక మనిషి స్వభావం తెలిసినంత దగ్గరితనం కలిగింది నాకు.

అన్నిటికన్నా గొప్ప ఘట్టం గిర్రున తిరిగే తొట్టిలో జరుగుతుంది. తొట్టిని నిదానంగా తిప్పితే తిన్నగా పోవలసిన బొట్టు గుండ్రంగా తిరుగుతుంది. జ్ఞాపకం తక్కువగా ఉంటే తొట్టి తిరిగే వేగాన్నిబట్టి వృత్తం ఎంతైనా ఉండవచ్చు, చిన్నదీ పెద్దదీ మధ్యలో ఎన్ని కావాలంటే అన్ని. 2010లో ఫోర్, కుడేర్ బృందం జ్ఞాపకాన్ని పెంచి చూసింది. వృత్తాల్లో మెట్లు వచ్చాయి! కొన్ని వ్యాసార్ధాలు మాత్రమే మిగిలి, వాటి నడిమివన్నీ ఖాళీ అయ్యాయి. అయస్కాంత క్షేత్రంలో ఎలక్ట్రాన్ కక్ష్యలకి క్వాంటం శాస్త్రం గీసిన మెట్లని ఇవి తలపిస్తాయి. కళ్లముందు కనిపించే నూనెబొట్టు మెట్లు ఎక్కుతోంది.

ఎందుకు? సమీకరణం చెప్పే జవాబు చిన్నదే. ఎక్కువ జ్ఞాపకంతో ఒకే వృత్తంమీద తిరిగే బొట్టు తన వలయాల్ని ఆ వృత్తం పొడుగునా పరుస్తుంది. అలా పరిచిన వలయాలన్నీ కూడితే వచ్చే అల, రెండు బెసెల్ ప్రమేయాల గుణకారం అవుతుంది. ఒకటి మనం ఎక్కడనుంచి చూస్తున్నామన్నదానిమీద ఆధారపడుతుంది, ఇంకోటి కక్ష్య వ్యాసార్ధం మీద. ఆ రెండోది సున్నా అయ్యేలా వ్యాసార్ధం ఉంటే? ఎక్కడనుంచి చూసినా మొత్తం సున్నా. బొట్టు పరిచిన వలయాలన్నీ ఒకదాన్నొకటి చల్లార్చుకుని తలం దాదాపు నిశ్శబ్దమవుతుంది. స్థిరంగా నిలిచే కక్ష్యలు ఈ సున్నాలకి చాలా దగ్గరగానే ఉంటాయి. బొట్టు తన గతం తనని కలతపెట్టని దారిని వెతుక్కుని అందులో కుదురుకుంటోంది. కరుణ, శాంతం అనే మాటలు గణితం గురించి వాడవచ్చా అని సందేహించేవాళ్లు ఈ ఒక్క గుణకారం దగ్గర ఆగి చూడాలి. నాకు ఇక్కడ శాంతరసమే తోచింది.

ఇంత దూరం వచ్చాక ఎవరికైనా ఒక ఆశ పుడుతుంది. ఎలక్ట్రాన్ కూడా ఇలాంటి బొట్టేనా? కణం, అల కలిసి ప్రయాణిస్తాయని, అల కణానికి దారి చూపుతుందని లూయీ ద బ్రోయ్ 1920లలో చెప్పాడు. 1927లో బ్రసెల్స్‌లో జరిగిన సోల్వే సమావేశంలో ఆ ఊహకి ఆదరణ దక్కలేదు. 1952లో డేవిడ్ బోమ్ దానికి మళ్లీ ప్రాణం పోశాడు. 2013లో డేనియల్ హారిస్, బుష్, పారిస్ బృందంతో కలిసి బొట్టుని గుండ్రటి కంచెలో వదిలారు. దారి గజిబిజిగా, ముందే చెప్పలేని తీరులో సాగింది. కానీ ఎక్కడ ఎంతసేపు ఉందో లెక్కవేసి చుక్కలు పెడితే ఆ గజిబిజిలోంచి ఏకకేంద్ర వలయాల ముగ్గు తేలింది. 1993లో ఐబీఎం శాస్త్రజ్ఞులు రాగిమీద 48 ఇనుప పరమాణువుల్ని గుండ్రంగా పేర్చి, మధ్యలో ఎలక్ట్రాన్ల అలని చిత్రించిన బొమ్మ ఎంత గుర్తొస్తుందో చెప్పలేను.

ఇక్కడే మన అలంకారశాస్త్రం ఒక పెద్ద ఉపకారం చేస్తుంది. ముఖం చంద్రుడిలా ఉందంటే ఉపమ. ముఖమే చంద్రుడంటే రూపకం. రెండూ అందమైనవే, రెండూ ఒకటి కావు. 2006లో కుడేర్, ఫోర్ రెండు చీలికల గుండా బొట్లని పంపి ఎలక్ట్రాన్ల తరహా వ్యతికరణ చారలు చూశామన్నారు. ఆ వార్త రూపకం వైపు చాలామందిని లాగింది. ఆ తర్వాత డెన్మార్క్‌లో ఒక బృందం, అందులో నీల్స్ బోర్ మనవడు తోమాస్ బోర్ ఒకడు, ఇంకా జాగ్రత్తగా ఆ ప్రయోగం చేస్తే ఆ చారలు రాలేదు. 2018లో ఎంఐటీలో మళ్లీ చేశారు, అక్కడా ఎలక్ట్రాన్ చారలు దొరకలేదు. బొట్టుకి నిరంతరం శక్తి పోసే తొట్టి కావాలి, కంపనం ఆగితే బొట్టు కలిసిపోతుంది. పరమాణువులోని ఎలక్ట్రాన్‌కి అలాంటి తొట్టి ఏదీ కనబడదు. దూరాన ఉన్న రెండు కణాలకి క్వాంటం శాస్త్రం చెప్పే ఆ గాఢమైన ముడి ఈ నూనెలో లేదు. కాబట్టి ఇది ఉపమ. పూర్ణోపమ కూడా కాదు. కొన్ని ధర్మాలే కలుస్తాయి.

దీంతో సమీకరణం స్థాయి ఒక్క మెట్టు కూడా దిగదని నా గట్టి నమ్మకం. చంద్రుడితో పోలిక తీసేసినా ముఖం ముఖంగా అందంగానే ఉంటుంది. మెట్లుమెట్లుగా కక్ష్యలు రావడానికి క్వాంటం నియమాలే కావాలని మనం అనుకునేవాళ్లం. న్యూటన్ లోకంలోనే, జ్ఞాపకం ఒక్కటి తోడైతే, అవి వస్తాయని ఈ రెండు పంక్తులు చూపించాయి. అది చిన్న మాట కాదు. సమీకరణానికి హద్దులూ ఉన్నాయి. కంచెలు, గట్లు, చీలికలు ఉన్నచోట ఇది నేరుగా పనిచెయ్యదు. బొట్టు లయ తప్పి దూకితే దీని చూపు మసకబారుతుంది. ఆ చోట్ల నిలువు దూకుడినీ, అల ప్రయాణాన్నీ విడదీసి పూర్తిగా లెక్కించే బరువైన నమూనాలు వచ్చాయి. అవి వచనకావ్యాలు. అవసరమే, గొప్పవే. కంఠస్థం చేసుకోవాలనిపించేది మాత్రం ఈ రెండు పంక్తుల పద్యమే.

ఈవ్ కుడేర్ 2019లో కన్నుమూశాడు. ఆయన దూకించిన బొట్టు మీద ఇవాళ ఎన్నో దేశాల్లో ప్రయోగశాలలూ గణితశాఖలూ పనిచేస్తున్నాయి. మన డిగ్రీ కాలేజీల ఫిజిక్స్ ల్యాబులకీ ఇది అందని పండు కాదు. స్పీకరు, సిలికోన్ నూనె, ఒక చిన్న పళ్లెం, కంపనాన్ని అదుపుచేసే పరికరం, అగ్గిపుల్ల కొస, కొంచెం ఓర్పు ఉంటే దూకే బొట్టుని కళ్లారా చూడవచ్చు. లెక్చరర్లు ఒక్కసారి దీన్ని పిల్లల ముందు పెట్టండి. బొట్టు దూకడం చూపించాక బోర్డుమీద ఆ రెండు పంక్తులు రాయండి. గణితం అందంగా ఉంటుందని వేరే చెప్పక్కర్లేదు. అంతదాకా, ఈసారి వాన వచ్చినప్పుడు చూరు కింద గాబు దగ్గర ఒక్క పది నిమిషాలు కూర్చోండి. నీటిమీద ముత్యం దొర్లితే కలిసిపోయేదాకా దాన్నే చూడండి. ఆ అర సెకనులో దానికీ నీటికీ మధ్య ఉన్నది పిడికెడు గాలి కూడా కాదు, వెంట్రుకలో పదో వంతు గాలి. ఈ కావ్యమంతా దానిమీదే నిలబడింది.